నడుమ ఆగే లూప్

కొత్త లూప్ కావాలని ఎవరైనా ఉత్తరం రాస్తే కాలిపా మామిరోవా దాన్ని నిలబడే చదివేది. కూర్చుని చదవదగ్గ సరుకు అందులో ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు.

ఆ ఉత్తరాలు ఆమెకే రావడానికి కారణం ఉంది. అర్కాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను పుట్టించింది ఆమె. అర్కాన్ అంటే గుర్రపు వెంట్రుకలతో పేనిన తాడు. ఇంగ్లీషు ముక్క రాని కిర్గిజ్ పిల్లలు కూడా తమ మాటలతోనే కంప్యూటర్ చేత పని చేయించుకోవాలని చేసిన భాష అది. నాలుగువందల చిల్లర బళ్ళలో నేర్పుతున్నారు. అందులో ఒక్క మాట చేర్చాలన్నా తీసెయ్యాలన్నా బిష్కెక్‌లో ఐదుగురి మండలి ఒప్పుకోవాలి. మండలి ముందుకు ఏది పోవాలన్నా మొదట కాలిపా చూడాలి.

చూసి ఏం లాభం? రెండు నెలలు ప్రోగ్రాములు రాసిన ప్రతివాడి చెయ్యీ ముందు లూప్ మీదే పడేది. చేసిన పనినే కంప్యూటర్ చేత మళ్ళీ మళ్ళీ చేయించే ఏర్పాటు లూప్. ఆ పనికి అర్కాన్‌లో ఒక్క మాటే ఉంది, ‘కైతలా’ అని; మళ్ళీ చెయ్యమని దానర్థం. ఒక్కటే ఉండటం జనానికి నచ్చేది కాదు. ఓష్ నుంచి ఒకాయన తొమ్మిది రకాల లూపులు కావాలని పద్దెనిమిది పేజీలు రాశాడు. విదేశంలో చదువుతున్న కుర్రాడొకడు వెనక్కి తిరిగే లూప్ కావాలన్నాడు. “ఉత్తరం అందింది. నీ చదువు ఏ దిక్కుకి నడుస్తోందో తెలిసింది. భాష మాత్రం ముందుకే నడుస్తుంది,” అని కాలిపా జవాబిచ్చింది. ఆమె జవాబులు మూడు వాక్యాలు దాటేవి కావు. రెండోది ఎప్పుడూ కుట్టేది.

ఆమె ఎవరినీ లెక్కచెయ్యకపోవడం ఈ మధ్య వచ్చిన జబ్బు కాదు. కొచ్‌కోర్‌లో గొర్రెల కాపరి ఇంట పుట్టి, ఇరవై రెండేళ్ళకే ప్రభుత్వ గణన కేంద్రంలో పంచ్ కార్డుల యంత్రం ముందు కూర్చుంది. కార్డు మీద ఒక్క రంధ్రం తప్పితే రాత్రంతా ఆడిన యంత్రం పొద్దున చెత్త కక్కేది. అలాంటి చోట పనిచేసినవాళ్ళకి అజాగ్రత్త మనుషులంటే ఒళ్ళు మండుతుంది. పాత రాజ్యం పోయాక కేంద్రం మూతపడింది. యంత్రాన్ని ముక్కలు చేసి తుక్కు కింద మోసుకుపోయారు. కాలిపా ఏడేళ్ళపాటు దోర్దోయ్ బజారులో మేజోళ్ళు అమ్మింది. మేజోడు వేళ్ళమధ్య నలిపి టర్కీదో చైనాదో చెప్పేది. ఆ ఏడేళ్ళ గురించి ఎవరైనా జాలిపడబోతే, “మేజోళ్ళు కొనడానికి వచ్చినవాళ్ళు మీకంటే తెలివిగా బేరం చేసేవాళ్ళు,” అని నోరు మూయించేది.

తరువాత బడిలో టీచరైంది. పదకొండేళ్ళ పిల్లలు అర్థం తెలియని పరాయి అక్షరాలను బొమ్మల్లా చూసి దించుకుంటూ అదే ప్రోగ్రాం రాయడం అనుకుంటుంటే చూడలేకపోయింది. గణన కేంద్రంలో తన పక్క బల్ల మీద పనిచేసిన గెన్రిఖ్ పెత్రోవిచ్‌ను వెతికి పట్టుకుంది. ఆయన కాంత్ ఊరి జర్మన్. చుట్టాలందరూ జర్మనీ వెళ్ళిపోయినా, తన తేనెటీగలను ఎవరు చూస్తారని ఇక్కడే ఉండిపోయాడు. ఇద్దరూ కూర్చుని రెండువేల మూడులో అర్కాన్‌ను తయారుచేశారు. అప్పటినుంచి పదహారేళ్ళుగా దాని లోపలి మరమ్మతులన్నీ ఆమే చేసింది. మండలిలో మిగిలిన నలుగురు చెయ్యెత్తేవాళ్ళు, దించేవాళ్ళు.

ఆ నలుగురిలో కొత్తగా వచ్చినవాడు ఎల్దియార్. ముప్పై ఆరేళ్ళవాడు. ప్రోగ్రామింగ్ నేర్పే ఒక అకాడమీకి ఉప సంచాలకుడు. కోటు కింద తెల్ల బూట్లు వేసుకునేవాడు. కిర్గిజ్‌లో మొదలుపెట్టి రష్యన్‌లోకి జారి, చివరి మాట ఇంగ్లీషులో వదిలేవాడు. పిల్లలకి పాఠం చెప్పినవాడు కాదు. పిల్లలకి పాఠం ఎలా చెప్పాలో పెద్దలకి చెప్పేవాడు. కాలిపా దృష్టిలో ఆ ఉద్యోగానికీ గాలికి రంగు వెయ్యడానికీ తేడా లేదు.

ఫిబ్రవరిలో అతను లూప్ మీద ప్రతిపాదన తెచ్చాడు. ‘కైతలా’ పాతబడిపోయిందట. దాని బదులు మూడు బాణాలు వరసగా రాయాలట. మొదటి బాణం లోపలికి పంపుతుంది, రెండోది తిప్పుతుంది, మూడోది బయట పడేస్తుంది.

“పెద్ద భాషలన్నీ ఇప్పుడు గుర్తుల వైపే పోతున్నాయి ఎజె,” అన్నాడు, అక్కా అన్న అర్థంలో. “మాటలు బరువు. గుర్తయితే కంటికి ఇంపుగా ఉంటుంది.”

“ఎవరి కంటికి?”

“చూసేవాళ్ళ కంటికి.”

“రాసేవాళ్ళు పిల్లలు. బాణాలు వేసుకోవాలంటే పెరట్లో వేసుకుంటారు. దానికి కంప్యూటర్ ఎందుకు?”

అతను నవ్వాడు. ఎల్దియార్‌ను అవమానించడం కష్టం. అవమానం తగిలిందని గుర్తించడానికి కూడా కొంచెం వినాలి కదా. “ఏప్రిల్లో బయటి దేశం అతిథులు వస్తున్నారు. అప్పుడు ఓటుకి పెడదాం ఎజె. పల్లెల టీచర్లు కూడా ఇదే అడుగుతున్నారు. నా దగ్గర ఉత్తరం ఉంది,” అన్నాడు.

ఆ ఉత్తరం కాలిపాకు తెలుసు. అట్‌బాషి బడిలో పాఠం చెప్పే అసిల్‌కాన్ దోతలియేవా అనే ఆమె మండలికి రాసింది. గళ్ళ కాగితం మీద నీలం సిరాతో, రెండు ఠావులు. నకళ్ళు ఐదుగురికీ వెళ్ళాయి. కాలిపా అలవాటుగా నిలబడి మొదటి ఠావు చదివింది. అందులో ఉన్నది లెక్క. మూడేళ్ళలో తన పిల్లలు రాసిన నాలుగువందల పన్నెండు ప్రోగ్రాముల్లో నూటడెబ్భై ఆగకుండా తిరిగాయట. వాటిలో నూట ముప్పై ఒకటి ఒకే ఒక్క తప్పు వల్లనట.

ఆ తప్పేమిటో కాలిపాకు చూడకుండానే తెలుసు. సంఖ్యలు అడుగుతూ కూడుతూ పొమ్మని, సున్నా రాగానే ఆపమని కంప్యూటర్‌కి చెప్పాలనుకోండి. ఆగాలా వద్దా అన్నది ‘కైతలా’ గుమ్మం దగ్గరే చూస్తుంది. అందుకని మొదటి సంఖ్యను లూప్ బయట ఒకసారి అడగాలి. మిగిలినవాటి కోసం లూప్ లోపల, చివర్లో, అదే వాక్యం మళ్ళీ రాయాలి. రెండోసారి రాయడం మరిచిపోతే కొత్త సంఖ్య రాదు. పాతదాన్నే పట్టుకుని యంత్రం కరెంటు పోయేదాకా తిరుగుతుంది. పదహారేళ్ళుగా కాలిపా తన తరగతిలో ఈ తప్పు చేసిన ప్రతి పిల్లవాడినీ, “తలలో మెదడు పెట్టుకోమన్నారు, పొట్టు కాదు,” అంటూనే ఉంది.

అసిల్‌కాన్‌కు మూడు వాక్యాల జవాబు పోయింది. “మీ లెక్క చూశాను. తప్పు లూప్‌ది కాదు, నేర్పినవారిది. మళ్ళీ నేర్పండి.”

వారం తిరక్కుండా తిరుగు జవాబు వచ్చింది. “ఎజెకె, మళ్ళీ నేర్పాను. ఆ లెక్క మళ్ళీ నేర్పిన తర్వాతిదే. మార్చి పదో తారీకు దాటాక దొలోన్ కనుమ తెరుస్తారు. వచ్చి చూడండి. మా ఇంట్లో దిగండి.”

కాలిపాకు తిక్క రేగింది. ఒక పక్క ఈమె, ఇంకో పక్క ఈమె ఉత్తరాన్ని జెండాలా ఊపుతున్న ఎల్దియార్. ఆ నూట ముప్పై ఒకటి అబద్ధమని తేలితే రెండూ ఒకేసారి కూలతాయి. మార్చి పద్నాలుగున పశ్చిమ బస్టాండులో మర్ష్రుత్కా అనే చిన్న బస్సు ఎక్కింది. పక్క సీటులో ఒక ముసలాయన కొచ్‌కోర్ దాకా గుర్రాల గురించి చెప్పాడు. ఆయన దిగిపోయాక ఏం తోచక సంచిలోంచి ఉత్తరం తీసింది. రెండో ఠావు చదవడం అదే మొదటిసారి. కూర్చునే చదివింది, మర్ష్రుత్కాలో నిలబడటానికి వీలు లేదు కనక.

రెండో ఠావులో ఆరు వరసలే ఉన్నాయి. బాణాలు లేవు. సంఖ్యను బయట అడగొద్దు, లోపలే ఒక్కసారి అడుగుదాం. అడిగిన వెంటనే నడుమ ఒక మాట పెడదాం: జెతెత్. ఇక చాలని అర్థం. సున్నా అయితే జెతెత్. కాకపోతే కూడి పైకి పో. ఇంటి దగ్గర గిన్నెలో చాయ్ పోస్తుంటే పిల్లలు జెతెత్ అంటారు, పోసేవాళ్ళు మధ్యలోనే ఆపుతారు, ఎవరికీ నేర్పక్కర్లేదు అని రాసింది. ‘మధ్య’ అన్న మాటలో అక్షరం తప్పు. కాలిపా ఆ తప్పు కింద గోటితో గీత గీసి కాగితం మడిచేసింది.

అట్‌బాషిలో మంచు ఇంకా ఉంది. బడి పొయ్యిలో బొగ్గు కంటే పొగ ఎక్కువ. కంప్యూటర్లు పదకొండు, వాటిలో పనిచేసేవి ఎనిమిది. అసిల్‌కాన్ నలభై దాటిన మనిషి. పొట్టిగా, ఉన్ని శాలువాలో గట్టిగా చుట్టుకుని ఉంది. మాట మెల్లగా వచ్చేది. మెల్లగా మాట్లాడేవాళ్ళని కాలిపా సాధారణంగా మందమతుల లెక్కలో వేసేది.

“ఎనిమిది యంత్రాలకి పద్నాలుగు మంది పిల్లలా?”

“ఆరుగురు కాగితం మీద రాస్తారు ఎజె. తర్వాత మారతారు.”

“అందుకే మరి తప్పులు.”

“కాగితం మీద రాసినవాళ్ళే తక్కువ తప్పులు చేస్తారు,” అంది అసిల్‌కాన్.

గొర్రెలు ఈనే రోజులు. కాలిపా లెక్క ఇచ్చింది: ఏ రోజు ఎన్ని పిల్లలు పుట్టాయో కంప్యూటర్ అడగాలి, కూడుతూ మొత్తం చూపిస్తూ పోవాలి, సున్నా చెప్పగానే ఆగాలి. వెనక బల్ల మీద బుగ్గలు పగిలిన పిల్ల ఒకతె చెయ్యెత్తింది.

“కొన్ని రోజులు ఒక్కటీ పుట్టదు ఎజెకె. అప్పుడు సున్నానే కదా. ఆగిపోతుందే.”

కాలిపా ఒక్క క్షణం ఆ పిల్లను చూసింది. “ఈ మందలో రోజూ పుడతాయి,” అంది.

“అదృష్టవంతుల మందన్నమాట,” అన్నాడు పక్కవాడు గొణుగుతూ.

ఇరవై నిమిషాల్లో పద్నాలుగు ప్రోగ్రాములు వచ్చాయి. తొమ్మిది ఆగలేదు. తొమ్మిదీ అదే తప్పు. కాలిపా ఒక్కొక్క దాని దగ్గరికీ పోయి చూసింది. చూసే కొద్దీ గొంతు పెరిగింది. ఇంత చిన్న సంగతి బుర్రకెక్కకపోతే ఎలా అంది. తన బడిలో ఆరో తరగతివాళ్ళు రాసేస్తారంది. అది నిజం కాదు, ఆమెకు తెలుసు. అసిల్‌కాన్ పొయ్యి దగ్గర నిలబడి వింటోంది. ఒక్కసారైనా అడ్డు రాలేదు.

“జరగండి. చూసి నేర్చుకోండి,” అని కాలిపా తెరకు కలిపి ఉన్న కంప్యూటర్ ముందు కూర్చుంది. వేళ్ళు చూసుకోకుండా కొడుతూ పాఠం చెప్పింది. ఎలా ఆలోచించాలో, ఏది ముందు రావాలో, శ్రద్ధ అంటే ఏమిటో చెప్పింది. గణన కేంద్రంలో ఒక్క రంధ్రం తప్పితే ఏమయ్యేదో కూడా చెప్పింది. ఆ మాట మీద ఉండగానే చివరి వరస కొట్టి ప్రోగ్రాంను నడిపించింది.

ఎన్ని పుట్టాయని అడిగింది కంప్యూటర్. నాలుగని కొట్టింది.

తెర మీద నాలుగు వచ్చింది. తర్వాత ఎనిమిది. పన్నెండు. పదహారు. ఆ తర్వాత చదవడానికి కంటికి అందలేదు. అంకెలు కింద నుంచి పైకి వానలా పోతున్నాయి. వందలు, వేలు, లక్షలు. అట్‌బాషి పుట్టింది మొదలు అన్ని గొర్రెపిల్లల్ని ఆ లోయ ఎరగదు.

ఎవరూ నవ్వలేదు. ఆ పల్లె పిల్లలకి పెద్దవాళ్ళ ముందు నవ్వకూడదని తెలుసు. కాని బుగ్గలు పగిలిన పిల్ల ఉండబట్టలేక, చాలా మర్యాదగా అంది: “ఎజెకె, గడ్డి సరిపోదు.”

అప్పుడు నవ్వారు.

కాలిపా తెర వైపే చూస్తూ కూర్చుంది. చెవులు కాలిపోతున్నాయి. రెండోసారి అడిగే వాక్యం రాయలేదు. పదహారేళ్ళ కింద ఆ లూప్‌ను చేసిన చేతులే అవి. మెదడా, పొట్టా అని పిల్లలను అడిగిన నోరే ఇది. తనకి వయసైపోయిందనుకుందామా అంటే, పక్కన తొమ్మిదిమందికి పదమూడేళ్ళు. మాట్లాడుతూ రాశాను కనక మరిచిపోయానని చెప్పబోయింది. మాట్లాడుతూనో, కిటికీలోంచి చూస్తూనో, ఆకలేస్తుండగానో కాకుండా మనుషులు ఇంకెలా రాస్తారు? నోటిదాకా వచ్చిన ఆ సాకును ఎవరైనా పిల్లవాడు చెప్పి ఉంటే తనేమనేదో ఆమెకు తెలుసు.

అసిల్‌కాన్ వచ్చి మీట నొక్కి ప్రోగ్రాంను ఆపింది. “పిల్లలూ, చాయ్ తాగి రండి,” అంది.

గదిలో ఇద్దరే మిగిలారు. అసిల్‌కాన్ బల్ల మీద గుడ్డ పరిచి నూనెలో వేయించిన పిండిముక్కలు, బోర్సోక్‌లు పోసింది, గిన్నెల్లో చాయ్ పోసింది. కాలిపా ఎదురు చూసింది, ఈమె ఏదో ఒకటి అంటుందని. ఆమె ఏమీ అనలేదు. అదే ఎక్కువ మండింది.

“అనండి మరి. నేర్పినవారి తప్పని రాశాను కదా మీకు.”

“రాశారు.”

“కోపం రాలేదా?”

“వచ్చింది ఎజె. ఆ కాగితం పొయ్యిలో పడేశాను. తర్వాత, ఈవిడ ఈ లూప్ పెట్టుకుని పిల్లల దగ్గర కూర్చుని ఎన్నేళ్ళయిందో అనుకున్నాను.”

“నేను ఇప్పటికీ రోజూ పాఠం చెప్తాను.”

“చెప్తారు. కూర్చుని చూస్తారా?”

కాలిపా చాయ్ తాగేసింది. గిన్నె ఖాళీ అయింది, అసిల్‌కాన్ మళ్ళీ పోస్తోంది. పైదాకా వస్తుంటే, “జెతెత్,” అంది కాలిపా. చాయ్ అక్కడే ఆగింది. అసిల్‌కాన్ ముఖంలో చిన్న నవ్వు కదిలింది. కాలిపా దాన్ని చూడనట్టే కిటికీ వైపు తిరిగింది.

ఆ మర్నాడు ఆమె తిరుగు మర్ష్రుత్కా ఎక్కింది. తన మీద తనకి వచ్చిన ఏవగింపు ఇంతవరకూ తెలియని రుచి. బజారులో ఏడేళ్ళు నిలబడినప్పుడు కూడా తనని తాను చిన్నచూపు చూసుకోని మనిషి ఆమె. ఇంటికి వెళ్ళాక పాత అలమారాలోంచి తన బడి పిల్లల నోటు పుస్తకాలు దించి వారంపాటు లెక్కపెట్టింది. అసిల్‌కాన్ లెక్క కంటే తన బడి లెక్కే కాస్త ఎక్కువ తేలింది. ఆ అంకెను ఒక చీటీ మీద రాసి కోటు జేబులో పెట్టుకుంది.

ఏప్రిల్లో మండలి కూర్చున్న రోజున ఎల్దియార్ తెల్లబూట్ల మీద ఇంకా తెల్లగా మెరుస్తున్నాడు. అతిథులు ముగ్గురు మెడలో పేరుబిళ్ళలు వేసుకుని ముందు వరసలో కూర్చున్నారు. బల్ల చుట్టూ కాలిపా, గెన్రిఖ్ పెత్రోవిచ్, విద్యాశాఖ నుంచి వచ్చే చోల్పోన్ అనే ఆవిడ, కంపెనీల తరఫున వచ్చే మనిషి ఒకడు ఉన్నారు. కంపెనీల మనిషి ఎటు చల్లగాలి వీస్తే అటు తిరిగి కూర్చునే రకం. ఆ రోజు చల్లగాలి అతిథుల వైపు నుంచి వీస్తోంది.

మూడు బాణాలు తెర మీద పచ్చగా వెలిగాయి. తిరిగాయి. ఒకదాన్నొకటి తరుముకున్నాయి. ఇంత హడావుడికి లోపల ఒక్క సంఖ్యను కూడా కూడలేదని కాలిపా గమనించింది.

“ఇది మా కోరిక కాదు,” అన్నాడు ఎల్దియార్ చెయ్యి గుండె మీద వేసుకుని. “మారుమూల అట్‌బాషి టీచర్ మూడేళ్ళు కష్టపడి లెక్కగట్టింది. నూట ముప్పై ఒక్కసార్లు మన పాత లూప్ పిల్లల్ని మోసం చేసింది. ఆ గొంతు వినకపోతే ఎలా?”

“ఆ ఉత్తరం చదివావా?” అంది కాలిపా.

“చదవకుండా ఎలా ఉంటాను ఎజె?”

“అంతా?”

“అంతా.”

“అయితే ఆమె ఏ మాట కావాలందో చెప్పు.”

ఎల్దియార్ నవ్వు అలాగే ఉంది, కాని కళ్ళు కాగితాల మీదికి దిగాయి. “ఆమె... సమస్య చెప్పింది. పరిష్కారం మన పని కదా.”

“రెండో ఠావు ఉంది. అందులో ఆరు వరసలున్నాయి. నువ్వు తిప్పలేదు. ఆమె గొంతు వినమంటున్నావు, నోరు తెరవగానే తలుపేసేశావు.” తను కూడా మొన్నమొన్నటిదాకా తిప్పలేదన్న సంగతి కాలిపా అక్కడ చెప్పలేదు. “నీ బాణాల్లో ఆ వాక్యం ఎన్నిసార్లు రాయాలి?”

“ఏ వాక్యం?”

“సంఖ్య అడిగే వాక్యం.”

ఎల్దియార్ తెర వైపు చూశాడు. అందులో ఉంటే కదా కనిపించడానికి. “రెండుసార్లు అనుకుంటా,” అన్నాడు చివరికి.

“అనుకోకు, రెండుసార్లే. అదే గుంటకి రంగు వేశావు.” ఆమె లేచి బోర్డు మీద అసిల్‌కాన్ ఆరు వరసలూ రాసింది, జెతెత్‌తో సహా. చోల్పోన్ కళ్ళజోడు సర్దుకుని చదివి, “ఇదేదో నాకే అర్థమైంది,” అంది.

“అయినా ఎజె,” అన్నాడు ఎల్దియార్, ఈసారి గొంతు కొంచెం గట్టిపడింది, “పాత లూప్ చేసింది మీరు. పదహారేళ్ళు ఎవరేం చెప్పినా మార్చనివ్వనిది మీరు. ఇప్పుడు తప్పు నాదా?”

అతను ఆ సంవత్సరంలో అన్న ఒకే ఒక నిజం అది. కాలిపా జేబులోంచి చీటీ తీసింది.

“నాది,” అంది. “నా బడి లెక్క ఇది, వాళ్ళకంటే అధ్వానం. అట్‌బాషిలో పద్నాలుగుమంది పిల్లల ముందు నేనే రాశాను, నాదే ఆగలేదు. తప్పు లూప్‌లో ఉంది. లూప్ నేను చేశాను. ఇంకేమైనా కావాలా?”

ఎవరికీ ఏమీ అక్కర్లేకపోయింది. గెన్రిఖ్ పెత్రోవిచ్ గొంతు సవరించుకున్నాడు. ఆయన మండలిలో నోరు విప్పి చాలాకాలమైంది. కొందరు ఆయనకి వినపడదనుకునేవాళ్ళు.

“నడుమ ఆపుదామని రెండువేల మూడులో నేను చెప్పాను,” అన్నాడు. “మీ వంటింట్లో. చిల్లుపడ్డ మేజోడు లాంటి లూప్ నాకొద్దు అన్నావు.”

కాలిపాకు ఆ సాయంత్రం బాగానే గుర్తుంది. “గట్టిగా చెప్పలేదు నువ్వు.”

“నీతో గట్టిగా చెప్పినవాళ్ళు ఎవరైనా ఉన్నారా కాలిపా?”

ఓట్లు పడ్డాయి. బాణాలకు ఎల్దియార్, కంపెనీల మనిషి చేతులెత్తారు. జెతెత్‌కు కాలిపా, గెన్రిఖ్ పెత్రోవిచ్, చోల్పోన్ ఎత్తారు. అతిథులు రెండింటికీ చప్పట్లు కొట్టారు. వాళ్ళకి తేడా ఎవరూ అనువదించి చెప్పలేదు.

ఓడిపోయిన ఎల్దియార్ మండలికి రాజీనామా ఇచ్చాడు. పాతకాలపు మనుషులు కొత్త గాలిని రానివ్వడం లేదని ఫేస్‌బుక్‌లో పొడుగ్గా రాసి, బాణాల భాష ఒకటి తనే తెస్తున్నట్టు ప్రకటించాడు. ఆ భాషకి బొమ్మ తయారైంది, టీషర్టులు తయారయ్యాయి, పాట కూడా తయారైంది. అందులో రాసిన ప్రోగ్రాం మాత్రం ఇప్పటికీ ఎవరూ చూడలేదు. శీతాకాలానికి అతను పూర్తిగా వేరే పనిలో కుదిరాడు. నాయకత్వం ఎలా వహించాలో నాయకులకి నేర్పుతున్నాడట.

జెతెత్‌ను అర్కాన్ లోపల చేర్చడానికి కాలిపాకు పదకొండు రోజులు పట్టింది. పాత లోపలిభాగాన్ని విప్పినప్పుడల్లా నలభై రెండేళ్ళ వయసులో తాను రాసిన వ్యాఖ్యలు ఎదురొచ్చేవి. ‘ఇది తెలియనివాళ్ళు ముట్టుకోవద్దు’ అని ఒకచోట. ‘ఇంతకంటే తేలిక చెయ్యడం కుదరదు’ అని ఒకచోట. చదువుతూ ముఖం చిట్లించుకుని ఒక్కొక్కటే చెరిపేసింది. కొత్త అర్కాన్ ఆగస్టు చివర బళ్ళకు వెళ్ళింది. మార్పుల పట్టికలో మొదటి వరసన అసిల్‌కాన్ దోతలియేవా పేరు, ఊరు, బడి ఉన్నాయి. తన పేరు పెట్టుకోలేదు. వినయమని కాదు. పదహారేళ్ళ తప్పు పక్కన సంతకం దేనికని.

డిసెంబరులో అసిల్‌కాన్ ఫోన్ చేసింది. చదువు ఏడాది మొదటి సగంలో నూట ముప్పై ఎనిమిది ప్రోగ్రాములు రాశారట. తొమ్మిది ఆగలేదట.

“తొమ్మిదా? ఎందుకు ఆగలేదు?” అంది కాలిపా.

“మూడు సంగతులు కనబడ్డాయి ఎజె. ఫోన్లో చెప్తే తెలియదు.”

“పుస్తకాలు పంపు. తొమ్మిదీ. పిల్లల పేర్లు కొట్టెయ్యకు.”

“తిడతారా వాళ్ళని?”

“ముందు చూడనీ.”

నాలుగు రోజులకి అట్‌బాషి నుంచి వచ్చే మర్ష్రుత్కా డ్రైవరు పొట్లం తెచ్చి బస్టాండులో ఇచ్చాడు. తొమ్మిది నోటు పుస్తకాలు, వాటితోపాటు గుడ్డసంచి నిండా కురుత్, ఉప్పేసి ఎండబెట్టిన పెరుగు ఉండలు. కాలిపా ఒక కురుత్ ఉండ నోట్లో వేసుకుని, ఉప్పు వెయ్యడం కూడా రాదు ఈ అట్‌బాషి వాళ్ళకి అని డ్రైవరుతో అంది. ఇంకొకటి వేసుకుంటూ, అక్కడే బల్ల మీద కూర్చుని మొదటి పుస్తకం తెరిచింది.